దొరికిన చోటు: రాబర్ట్ బ్రూస్ ఫుట్, మన పడమటి ప్రకాశం

(మార్కాపురంలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో, ఆ మాస్టారు జీవితమంతా బడిపిల్లలకు చరిత్ర చెప్పారు. ఆయన గౌరవార్థం ఈ రోజు రాజులను కాసేపు పక్కన పెడదాం. రాజ్యం అన్నదే లేని కాలంలో ఈ కొండల కింద తిరిగిన మనుషుల జాడ పట్టినవారిని తలుచుకుందాం. వారిలో మొదటివాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారత పూర్వచరిత్ర పరిశోధనకు పితామహుడని పేరు పొందినవాడు. ఆయన జీవితం ఆసరాగా నేను చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. దొరికిన వస్తువు ఎంత గొప్పదైనా, ఎక్కడ, ఏ పొరలో, వేటి మధ్య దొరికిందో రాసిపెట్టకపోతే దానికి నోరు ఉండదు.

1. భూగర్భ శాఖలో ఉద్యోగం

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. 1858 డిసెంబరులో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు వైపు వచ్చాడు. ఆ మరుసటి ఏడే యూరపులో పెద్ద వివాదం ఒకటి తేలింది. ఫ్రాన్సులో సోమ్ నది ఒడ్డున, అంతరించిన జంతువుల ఎముకలున్న గరపలోనే మనిషి చెక్కిన రాళ్లూ ఉన్నాయని ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ పండితులు స్వయంగా వెళ్లి చూసి ఒప్పుకున్నారు. మనిషి పుట్టుక అనుకున్నదానికన్నా చాలా పాతదని తేలిపోయింది.

ఆ కబురు చెవిన పడ్డ భూగర్భ శాస్త్రజ్ఞుడు గరప గుంట కనబడితే ఊరకే దాటిపోడు. 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లవరంలో, లేటరైటు గరప తవ్విన గుంటలో ఫుట్‌కు చెక్కిన క్వార్ట్జైటు రాయి దొరికింది. అప్పటికి ఆయన వయసు 28. అదే ఏడు సెప్టెంబరు 28న తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి కొర్తలైయార్ నదీ ప్రాంతంలోని అత్తిరంపాక్కం వద్ద చేతిగొడ్డళ్లున్న నేలను గుర్తించాడు. తర్వాత ఆ వివరాలన్నీ అచ్చులో పెట్టాడు. కొండలూ గనులూ కొలవడం ఆయనకు జీతమిచ్చే పని. రాతి పనిముట్ల వెతుకులాట ఆ పనితో పాటే సాగింది. ముందు నేల పొరను చదివి, తర్వాత రాయిని చూడడం ఆయనకు ఉద్యోగం నేర్పిన అలవాటు.

2. పలక, గొడ్డలి

ఫుట్ వెంట ఉన్న విలియం కింగ్ మనకు ఇంకా దగ్గరివాడు. కడప, కర్నూలు శిలల మీద ఆయన రాసిన గ్రంథం 1872లో వెలువడింది. మన కంభం పేరు భూగర్భ శాస్త్రంలోకి ఎక్కింది ఆయన చేతి మీదుగానే. దేశంలో ఎన్నో బళ్లకు పలకలు పంపిన మార్కాపురం గనుల రాయి ఆ కంభం శ్రేణిదే.

పలకరాయి పని తెలిసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఉలి పెట్టి కొడితే ఆ రాయి పొరలు పొరలుగా, చదునుగా విడుతుంది. రాసుకోవడానికి అంతకన్నా మంచి రాయి లేదు. కానీ జంతువు తోలు కోయడానికి అది పనికిరాదు, దెబ్బకు అంచు నిలవదు. నల్లమల క్వార్ట్జైటు దారి వేరు. సరైన కోణంలో దెబ్బ వేస్తే పెచ్చు లేచి, పదునైన అంచు మిగులుతుంది. వాగులు ఆ కొండరాయిని గుండ్రాళ్లుగా చేసి కిందికి మోసుకొచ్చాయి. ఆదిమానవుడు వాగులో గుండు ఏరుకుని, అక్కడే చెక్కుకున్నాడు. అందుకే సగిలేరు ఒడ్డూ, నల్లమల అంచు వాగులూ పూర్వచరిత్రకు పుట్టిళ్లయ్యాయి.

కర్నూలు సీమకు ఫుట్ 1884లో మళ్లీ వచ్చాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే పరిశోధకుడు 1844లోనే రాశాడు. ఆ గుహలను తవ్వించమని ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. ఫుట్ మొదలుపెట్టిన ఆ పనిని సైన్యంలో ఉన్న కొడుకు హెన్రీ కొనసాగించాడు.

1891లో పదవీ విరమణ చేశాక ఫుట్ బరోడా సంస్థానంలోనూ, మైసూరులోనూ పనిచేశాడు. ఏర్కాడులో స్థిరపడ్డాడు. నలభై ఏళ్లు ఏరిన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన కన్నుమూశాడు. ఆయన తయారుచేసిన వివరాల పట్టిక ఆ తర్వాతే అచ్చయింది. ప్రతి రాయికీ జిల్లా, ఊరు చెప్పే పట్టిక అది. ఆ రాతల దారిలోనే శాంతి పప్పు బృందం మళ్లీ అత్తిరంపాక్కం వెళ్లి తవ్వింది. అక్కడి చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించింది.

3. గిద్దలూరు తీర్చిన లోటు

పాతరాతియుగానికీ కొత్తరాతియుగానికీ మధ్య ఈ దేశంలో చాలా పెద్ద ఖాళీ ఉందని ఫుట్ నమ్మాడు. ఆ ఖాళీని పూరించే ఆధారాలు మన నల్లమల నుంచే వెళ్లాయి. ఎల్.ఎ. కామియేడ్ ఈ ప్రాంతాల్లో సేకరించిన పనిముట్లను కేంబ్రిడ్జి పండితుడు మైల్స్ బర్కిట్ పరిశీలించాడు. 1930లో ఇద్దరూ కలిసి 'యాంటిక్విటీ' పత్రికలో ఒక వరుస ప్రతిపాదించారు. మొదట చేతిగొడ్డళ్లు, తర్వాత పెచ్చు పనిముట్లు, ఆపైన సన్నని రాతి బ్లేడ్లు, చివర సూక్ష్మ పరికరాలు. నాలుగు మెట్లు. వానలు, కరువులు మారిన తీరును కూడా వారు ఆ వరుసకు జతచేశారు. వాతావరణం గురించిన వారి లెక్కలు తర్వాత మారాయి గాని, మెట్ల క్రమం దక్షిణ భారత రాతియుగ చర్చకు చాలాకాలం ఆధారంగా నిలిచింది.

కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు చుట్టుపక్కల రాతియుగ పరిశ్రమల మీద చేసిన అధ్యయనం 1952లో 'ఏన్షెంట్ ఇండియా' 8వ సంచికలో వచ్చింది. తర్వాత ఆయన నాగార్జునకొండలో పనిచేశాడు, ఆలయ వాస్తు మీద పెద్ద గ్రంథాలు రాశాడు. ఆయన వ్యాసం శీర్షికలో గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉంటుంది. ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు. పాత రికార్డులో జిల్లా పేరు మాత్రమే ఉంటే ఈనాటి విద్యార్థి కొండకు అవతలి వైపు వెతుకుతాడు. ఊరు, వాగు, ఒడ్డు కూడా రాసి ఉంటే ఎన్ని జిల్లాలు పుట్టినా దారి తప్పడు.

వయసు కట్టే పద్ధతి ఫుట్ కాలంలో లేదు. ఇప్పుడు ఉంది. మట్టిలోని ఖనిజ రేణువులకు ఎండ తగలడం ఆగిపోయి ఎంతకాలమైందో ప్రయోగశాలలో లెక్కిస్తారు. అలా మన జిల్లా హనుమంతునిపాడు దగ్గరి మధ్య పాతరాతియుగ పనిముట్లు సుమారు 2,47,000 ఏళ్లనాటివని దేవర అనిల్ కుమార్, సహ పరిశోధకులు 2022లో ప్రకటించారు. రెట్లపల్లెలో మరో తేదీ వచ్చింది, సుమారు 1,39,000 ఏళ్లు. వాటిని చేసింది మనలాంటి మనుషులా, అంతకు ముందటి జాతా అన్న చర్చ నడుస్తోంది. గమనించండి, ఆ పద్ధతి కొలిచేది రాతి వయసును కాదు, రాతిని కప్పిన మట్టి వయసును. పొరలోంచి పెరికి అల్మారాలో పెట్టిన రాయికి ఆ లెక్క అందదు.

4. చైనాలో పోయినవి, మిగిలినవి

రాసిపెట్టాలన్న ఈ మాట బలం తెలియాలంటే ఒక్కసారి చైనా వెళ్లాలి. బీజింగు దగ్గరి జౌకౌడియన్ గుహలో 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌జోంగ్ అనే యువకుడు ఆదిమానవుడి పుర్రెను వెలికితీశాడు. ఆయన కూడా ఫుట్ లాగే భూగర్భ శాస్త్రం చదివినవాడే. 'పెకింగ్ మానవుడు' లోకప్రసిద్ధి పొందాడు. 1941 చివర, యుద్ధపు గందరగోళంలో, అమెరికాకు పంపబోయిన ఆ ఎముకలు మాయమయ్యాయి. ఇప్పటికీ దొరకలేదు.

అయినా ఆ పరిశోధన ఆగిపోలేదు. ఫ్రాంజ్ వైడెన్‌రైక్ అంతకుముందే వాటికి అచ్చులు పోయించి, బొమ్మలు గీయించి, కొలతలతో గ్రంథాలు రాశాడు. ఈనాటికీ పండితులు వాటి మీదే ఆధారపడుతున్నారు.

5. చందవరం తిరిగొచ్చిన తీరు

మన ఇంటి ఉదాహరణ దొనకొండ మండలం చందవరం. సింగరకొండ మీది ఈ శాతవాహన కాలపు బౌద్ధ క్షేత్రం 1964లో వెలుగులోకి వచ్చింది. 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వగా రెండు అంతస్తుల వేదికతో మహాస్తూపం బయటపడింది. తర్వాత అక్కడ శిల్పాల దొంగతనాలు జరిగాయి. బుద్ధుణ్ణి కొలిచే భక్తులున్న ఒక సున్నపురాతి ఫలకం చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది చందవరం సొత్తేనని పాత ఫొటో పట్టించింది. 2016లో ఆ దేశం ఫలకాన్ని భారత్‌కు అప్పగించింది. ఆ ఒక్క ఫొటో లేకపోతే మన వాదనకు రుజువెక్కడిది?

6. మన వంతు

కాబట్టి ఉపాధ్యాయులకు నా విన్నపం. గని తవ్వినా, బోరు వేసినా, చెరువు పూడిక తీసినా చెక్కినట్టున్న రాయో, కుండపెంకుల గుంపో, శిల్పమో బయటపడుతుంది. దాన్ని కదిలించకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించండి. ఊరు, సర్వే నంబరు, దగ్గరి వాగు, నేల మీద నుంచి ఎంత లోతు, మట్టి రంగు, చూసిన తేదీ, చూసినవారి పేరు రాయించండి. తర్వాత రెవెన్యూ అధికారులకూ, పురావస్తు శాఖకూ కబురు పంపండి. నేలలో దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టమే చెబుతోంది.

ప్రతి ఉన్నత పాఠశాలలో ఇందుకు ఒక రిజిస్టరు పెట్టండి. దాని ఖర్చు ఒక లావుపాటి పుస్తకం వెల. ఫుట్‌కు జీతం ఇచ్చిన ప్రభుత్వం రాళ్లు ఏరమని చెప్పలేదు. అయినా ఏరాడు, ఏరిన ప్రతిదానికీ లెక్క రాశాడు. మన పిల్లలకు ఆయన కన్నా ఒక వసతి ఎక్కువే ఉంది, వాళ్లు ఈ వాగుల ఒడ్డునే పుట్టారు. రిజిస్టరు మొదటి పేజీ ఈ విద్యా సంవత్సరంలోనే మొదలైతే, మాస్టారి పేరిట పెట్టిన ఈ ఉపన్యాసానికి ఫలితం దక్కినట్టే.