ఇల్లమ్మువారికి ఒక మాట

బేరము కుదిరి, బయానా పుచ్చుకొని, కొనువారు మూలదస్తావేజులు చూపుమని అడిగిన దినమున, గృహఋణమును వడ్డీతో సహా తీర్చివేసినను ఆ పత్రములింకను బ్యాంకులోనే యున్నవనియు, అడిగినప్పుడెల్ల “రేపు రండి” యను మాటయే వినవచ్చుచున్నదనియు గృహస్థుడు పడు క్షోభ యింతింత కాదు. ఋణవిముక్తుడైనవాడు తన కష్టార్జితమునకై యాచకునివలె నిలువనక్కరలేదు.

2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశము ననుసరించి, ఋణము పూర్తిగా తీరిన 30 దినములలో మూలపత్రములన్నియు తిరిగి యీయవలెను, నమోదైన తాకట్టును తొలగింపవలెను. తన లోపముచే ఆలస్యమైనచో బ్యాంకు దినమునకు 5,000 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలెను. పత్రములు పోయినచో నకళ్లు తెప్పించుటకు తోడ్పడి, ఆ వ్యయమును తానే భరింపవలెను.

కావున నోటిమాటలతో తృప్తిపడక, ఫిర్యాదును వ్రాతపూర్వకముగా నిచ్చి, తేదీయు ముద్రయు గల రసీదు పుచ్చుకొనుడు. 30 దినములలో ప్రత్యుత్తరము రాకున్నను, వచ్చినది న్యాయసమ్మతముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు రుసుము లేకయే విన్నవించుకొనవచ్చును. ఇల్లు అమ్మకమునకు పెట్టకమునుపే దస్తావేజులు చేత బట్టుకొని, ఋణభార ధ్రువపత్రము (ఇ.సి.)లో తాకట్టు విడుదల నమోదైనదో లేదో చూచుకొనుడు. ఆ పిమ్మటనే బయానా పుచ్చుకొనుడు.