కళాశాల గ్రంథాలయము – విద్యార్థి పరిశోధన



శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, బిట్స్ ప్రాంగణము వెలసిన పిదప మేడ్చల్ ప్రాంతమునకు పెద్ద గ్రంథాలయములు పొరుగైనవి. అయినను పుస్తకరాశి యొక్కటే విద్యార్థిని పరిశోధకుని చేయజాలదు. మొదట ప్రశ్న కావలెను. “శామీర్‌పేట చెరువు చరిత్ర” యని వెదకువాడు దారి తప్పును. “చెరువుక్రింది సాగు ఎప్పుడు, ఎంత తగ్గెను?” అని యడిగినచో గ్రంథపాలకుడు జనాభాలెక్కల జిల్లా సంపుటములను చూపగలడు, అందు గ్రామమువారీగా సేద్యపు విస్తీర్ణము దొరకును. గ్రంథనామమును, పుటసంఖ్యను వెంటనే వ్రాసికొని, ఆ లెక్కను మరియొక గ్రంథముతో సరిచూడవలెను.

కాని కట్టక్రింద నాట్లు వేసిన వృద్ధుల జ్ఞాపకము ఏ బీరువాలోను లేదు. వారు గతించిరా, అది మరల దొరకదు. దానినిగూడ వ్రాసి, తన వ్యాసప్రతి నొకటి పల్లె గ్రంథాలయమున కొసగిన విద్యార్థియే ఊరి ఋణము తీర్చుకొన్నవాడు.