తూర్పు హద్దు: రంగమోడి మెట్ట

మాస్టారి పేరు మీద మాట్లాడమని వాళ్ళబ్బాయి అడిగినప్పుడు, ఏం మాట్లాడాలా అని నేను వెతుక్కోలేదు. ఆయన నాకు బాకీ పెట్టి వెళ్ళిన పాఠం ఒకటుంది. ఎనిమిదో తరగతిలో, మాకవరపాలెం బడిలో, "మీ తాత తండ్రి పేరు రాసుకు రండ్రా" అన్నారు. రాసుకొచ్చినవాళ్ళం అయిదారుగురం. నేను పేరు పక్కన మా నాయనమ్మ చెప్పిన ముక్క కూడా రాశాను: రంగం వెళ్ళొచ్చాడు. మాస్టారు దాని కింద ఎర్రసిరా గీత గీసి మూడు ప్రశ్నలు రాశారు. ఎప్పుడు? ఎందుకు? ఎలా వచ్చాడు? జవాబు వెతకడానికి నాకు పింఛను మొదలయ్యేదాకా తీరలేదు.

పిల్లల కోసం చెబుతున్నాను, రంగం అంటే రంగూన్, బర్మా రేవు. మన జిల్లా మనుషులకు ఒకప్పుడు అదే పొరుగూరు.

మొదట నేను తప్పుదారి పట్టాను. దక్షిణాఫ్రికా నేటాల్ వెళ్ళిన కూలీల పట్టీలు చూసి, అలాంటిదే రంగూన్‌కూ ఉంటుందనుకున్నాను. నేటాల్ సంగతి వేరు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా వెళ్ళిన 1,52,184 మందికీ ఒక్కొక్క నంబరు ఉంది. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ. ఒడంబడిక కూలీ కదా, పారిపోతే పట్టుకోవాలి. అందుకే మచ్చలు కూడా రాసుకున్నారు. ఆ జాగ్రత్త ఇవాళ మునిమనవలకు పనికొస్తోంది. డర్బన్‌లో అప్పలరాజు, అప్పలస్వామి అన్నవి ఇప్పుడు ఇంటిపేర్లు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాడు ఏ వైపువాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు పట్టుకోవడమే కష్టం. నర్సీపట్నం ముఖ్య పట్టణంగా ఉన్న ఈ ప్రాంతం అప్పట్లో గొలుగొండ తాలూకా. తాలూకా దొరికినా, దాని కింద "పాలెం" అని మాత్రమే ఉంటే ఏం చేస్తాం? మన చుట్టూ పాలేలే కదా.

రంగూన్‌కు ఈ పట్టీ ఎందుకు లేదంటే, 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో భాగం. అక్కడికి పోవడం చట్టం లెక్కలో దేశం దాటడం కాదు. ఒడంబడిక లేదు, నంబరు లేదు. విశాఖపట్నంలోనో, భీమిలిలోనో, కాకినాడలోనో టిక్కెట్టు కొని ఓడ డెక్కు మీద చాప పరుచుకోవడమే. చాలామందికి ఆ టిక్కెట్టు కొన్నది కూడా మేస్త్రీయే. ఇంట్లో అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, కూలిలో కోసుకునేవాడు. మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు చాలామట్టుకు ఇదే: అప్పు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు మీద ఓడెక్కడం.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్ళే. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటల కింద, రిక్షాల ముందు తెలుగువాళ్ళు. వాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. గోదావరి మొగలో కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిన్నా, పేరు మాత్రం సముద్రం దాటి మిగిలింది. కాగితంలో "కోరంగీ" అని ఉంటే ఆయన కోరంగివాడని అనుకోకండి. తెలుగు కూలీ అని మాత్రమే అర్థం. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరాక కొత్తవాళ్ళను పొమ్మన్నారు. అక్కడ రాజుకున్న గొడవలో వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళు.

మా ఇంట్లో కథ ఏమిటంటే, మా ముత్తాత బాంబులు పడ్డప్పుడు అడవుల్లో నడిచి వచ్చాడని. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు వేసింది. ఆ తర్వాత సుమారు 5 లక్షల మంది కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగు వైపు, కొందరు టమూ మీదుగా మణిపూర్ వైపు కాలినడకన బయల్దేరారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఇల్లు చేరామనుకున్నవాళ్ళకు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా అవే బాంబులు. ఇంత పెద్ద కథ ఉన్నప్పుడు మా ముత్తాతను అందులో నడిపించాలని ఎవరికి మాత్రం ఉండదు? నేనూ నాలుగు పెళ్ళిళ్ళలో చెప్పాను.

నాయనమ్మ మాత్రం ఆ నడక సంగతి ఎప్పుడూ అనలేదు. "రంగమెల్లి వొచ్చినాడు. వొచ్చినకాడ్నించి సముద్రం ఊసెత్తనేదు" అనేది, అంతే.

ఆయన కోసం నేను రిజిస్ట్రారాఫీసు ఇండెక్సులు తిరగేశాను. ఏమీ దొరకలేదు. జవాబు మా ఇంటికి నడిచి వచ్చింది. పొరుగువాళ్ళ పిల్లాడు బ్యాంకు అప్పు పని మీద వాళ్ళ తాతల నాటి దస్తావేజు తెచ్చి, గొలుసుకట్టు రాత చదివిపెట్టమన్నాడు. మడతల దగ్గర చిరిగి, వెనక బట్ట అంటించిన కాగితం. కొన్నవాడు, అమ్మినవాడు, సొమ్ము, తర్వాత హద్దులు. దక్షిణం గెడ్డ. పడమర బండిబాట. ఉత్తరం అమ్మకందారు శేషం భూమి. తూర్పు, రంగమోడి మెట్ట.

ఆ మెట్ట మాదే. మా నాన్న అమ్మేశారు.

ఇండెక్సులో కొన్నవాడి పేరూ అమ్మినవాడి పేరూ ఎక్కుతాయి. హద్దులో ఉన్నవాడు ఎక్కడు. పైగా రాయసగాడు పట్టాలో ఉన్న పేరు రాయలేదు, ఊరు పిలిచే పేరు రాశాడు. ఓడ కాగితం లేని మనిషికి, తిరిగొచ్చిన మనిషికి, ఊళ్ళో పుట్టిన ఒకే ఒక్క దాఖలా అది. అందుకే బంధువుల కోసం వెతికేవాళ్ళకు నేను చెప్పేది, మీ దస్తావేజులు చాలవు, పక్కవాళ్ళవి అడిగి చూడండి.

ఆ దస్తావేజు తేదీ చూసి కాసేపు మాట్లాడలేకపోయాను. రంగూన్ మీద బాంబు పడడానికి అయిదేళ్ళ ముందుది. అప్పటికే ఆయన ఇక్కడ భూమి ఉన్న మనిషి. అడవీ లేదు, నడకా లేదు. డెక్కు మీదే వచ్చి ఉంటాడు. మళ్ళీ పోయాడనుకోవడానికి నాయనమ్మ మాట అడ్డొస్తోంది. మాస్టారూ, ఎప్పుడు, ఎలా అన్నవాటికి నా జవాబు ఇదీ. సగం మార్కులే వెయ్యండి.

1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక వచ్చిన కాందిశీకుల కథ వేరు. వాళ్ళకు ప్రభుత్వ కాగితాలున్నాయి, విశాఖలో బర్మా క్యాంపు అనే పేరుంది. మా ముత్తాత లాంటివాళ్ళు ఏ క్యాంపులోనూ దిగలేదు. నాగలి పట్టుకున్నారు.

మొన్న ఆ మెట్ట చూడ్డానికి వెళ్ళాను. జీడితోట వేశారు. కాపలా ఉన్న కుర్రాణ్ణి ఈ భూమినేమంటారు బాబూ అని అడిగాను. "రంగమోడి మెట్టండి" అన్నాడు. ఎందుకలా అంటారన్నాను. తెలీదన్నాడు. కాసేపాగి అతనే నన్నడిగాడు:

"రంగం ఏ మండలంలో ఉందండీ?"