సొంత రౌటరు: మందగించిన వేగము

రేడియో పెట్టె మూగవోయినప్పుడు మన పెద్దలు వెంటనే దానిని విప్పెడివారు కారు. ముందుగా పొరుగింటి పెట్టె పలుకుచున్నదో లేదో విని వచ్చెడివారు. పొరుగింట పాట వినబడినచో కేంద్రమున దోషము లేదని తేలెడిది. పిమ్మట ఇంటిపైనున్న ఏరియలు తీగను చూచెడివారు. అదియు సరిగా నున్నప్పుడే పెట్టెను మరమ్మతుకు పంపెడివారు. ఈ క్రమము చిన్నదే గాని, దీనివలన ఎన్నో రూపాయలు మిగిలెడివి. ఎన్నో తగవులు తప్పెడివి. నేడు ఇంటింటికి వచ్చిన ఇంటర్‌నెట్టు విషయమున మనము ఈ క్రమమును మరచితిమి. వేగము తగ్గినదనగానే కొందరు మరొక రౌటరు కొనుచున్నారు. కొందరు కేబులు ఆపరేటరుతో కలహించుచున్నారు. దోషమెచ్చట నున్నదో ఇరువురికిని తెలియదు. దానిని తెలిసికొను మార్గమునే ఈ ప్రసంగమున మనవి చేసెదము.

తల్లాడ నుండి కొత్తగూడెము పోవు దారిలోని జూలూరుపాడును ఉదాహరణముగా తీసికొందము. పూర్వము ఇది ఖమ్మము జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. పత్తి చేలు, మిరప తోటలు, వాని కావల అడవి. ఇట్టి ఊళ్లకు నెట్టు వచ్చుట పట్టణములకు వచ్చినంత సులభము కాదు. ఫైబరు తీగ కరెంటు స్తంభముల వెంట మైళ్ల కొలది వ్రేలాడుచు రావలెను. గాలివానకు చెట్టుకొమ్మ విరిగి పడినను, కోతులు పట్టి లాగినను అది దెబ్బతినును. అయినను ఆ తీగపై నేడు ఆధారపడిన పనులు తక్కువవి కావు. 2020లో కరోనా వలన బడులు మూతపడగా, ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా పాఠములు చెప్పించినది. నాటినుండి ఇంటి నెట్టు విలాస వస్తువుల జాబితానుండి తొలగి, అవసరముల జాబితాలో చేరినది. పోటీ పరీక్షకు చదువుకొను అమ్మాయి, హైదరాబాదులోని కొలువును ఇంటినుండియే చేయు అబ్బాయి, ఈ-సంజీవని ద్వారా వైద్యునితో మాటలాడు వృద్ధుడు, వీరందరికిని ఆ తీగయే దిక్కు.

ఇట్టి ఊరిలో ఒక గృహమును ఊహింతము. ఆపరేటరు ఇచ్చిన ఫైబరు పెట్టె ముందు గదిలో నున్నది. దాని వైఫై వంటయింటికి అందుటలేదు. ఇంటి పెద్దకుమారుడు ఖమ్మములో ఒక మంచి రౌటరు కొని తెచ్చి, ఆ పెట్టె ప్రక్కనే తగిలించినాడు. అట్టపై 1200 అని పెద్ద అక్షరములతో నున్నది. కాని వేగము పెరుగుటకు బదులు తగ్గినది. నెలకు డబ్బు కట్టునది 100 మెగాబిట్లకు. చేతిలోని ఫోను చూపునది ఎనిమిది. ఆపరేటరు మనిషి వచ్చి, “మా లైను బాగుగానే యున్నది, దోషము మీ రౌటరుదే” అన్నాడు. “రౌటరు కొత్తది, దోషము మీ లైనుదే” అని ఇంటివారు. ఇరువురును తమ మాట సత్యమనియే నమ్ముచున్నారు. ఈ తగవు తీర్చువాడెవ్వడు?

తీర్పు చెప్పునది ఒక మూరెడు ల్యాన్ తీగ. రేడియోలో పనిచేయు మాకు ఈ పద్ధతి నిత్యము అలవాటైనదే. ధ్వని చెడినప్పుడు స్టూడియోలో ఒకసారి, తీగ చివర ఒకసారి, ట్రాన్స్‌మిటరు వద్ద ఒకసారి విని చూతుము. ఎచ్చటివరకు బాగుగా వినబడినదో అచ్చటివరకు దోషము లేదు. ఇంటిలోను అట్లే నాలుగు చోట్ల కొలువవలెను. ఒక ల్యాప్‌టాప్ కావలెను. లేనిచో ఒక పూటకు ఎరువు తెచ్చుకొనవచ్చును. కొలుచు సమయమున ఇంటిలోని తక్కిన ఫోనులు, టీవీ నెట్టు వాడకుండ చూడవలెను. మొదటి కొలత: ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా ఆపరేటరు పెట్టెకు కలిపి. రెండవ కొలత: అదే తీగతో మీ రౌటరుకు కలిపి. మూడవ కొలత: తీగ తీసివేసి, రౌటరు ఉన్న గదిలోనే వైఫైపై. నాలుగవ కొలత: నెట్టు అందని వెనుక గదిలో. ఈ నాలుగు అంకెలను ఒక కాగితముపై వ్రాయుడు. ఏ రెండు అంకెల నడుమ వేగము హఠాత్తుగా పడిపోయినదో దోషము అచ్చటనే యున్నది.

కొలుచుటకు ముందు ఒక మాట. ఆపరేటరు చెప్పు 100 అనునది మెగాబిట్ల లెక్క. ఫైలు పరిమాణము మెగాబైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల లైనుపై సెకనుకు 12.5 మెగాబైట్లు మాత్రమే దిగును. 500 మెగాబైట్ల పాఠము ఆ వేగమున 40 సెకనులలో వచ్చును. ఎనిమిది మెగాబిట్ల వేగమున ఎనిమిది నిమిషములు దాటును. 12 అను అంకెను చూచి మోసమని భ్రమపడరాదు. అది బైట్ల లెక్కయైనచో లైను సక్రమముగా నున్నట్లే.

ఇక అంకెలను చదువుదము. మొదటి కొలతయే తక్కువగా నున్నచో మీ రౌటరు నిర్దోషి. ఉదయము ఆరు గంటలకు, రాత్రి తొమ్మిది గంటలకు మరల కొలిచి చూడుడు. ఉదయము బాగుండి రాత్రి పడిపోయినచో అది రద్దీ. సాధారణముగా ఇండ్లకు వచ్చు ఫైబరు పద్ధతిలో, ఆపరేటరు వద్దనుండి బయలుదేరిన ఒక్క పోగును 32 లేదా 64 ఇండ్లు పంచుకొనును. దానిపై దిగు మొత్తము వేగము సుమారు రెండున్నర గిగాబిట్లు. ఇక ఆ ఆపరేటరుకు పైనుండి వచ్చు లైను మరింత సన్ననిదైనచో, అందరు ఇంటికి చేరు వేళకు అది చాలదు. రెండు వేళలను తక్కువగానే యున్నచో, నెలవారీ పరిమితి దాటినదేమో అడుగుడు. పరిమితి దాటిన పిమ్మట వేగము తగ్గించు పథకములు గలవు. పెట్టెపై ఎర్రదీపము వెలిగినచో వెలుగు అందుటలేదని అర్థము. తీగ ఎచ్చటనైన మడతపడెనేమో బయటినుండి చూడుడు. పోగు చివరను కంటివద్ద పెట్టి చూడరాదు. అందలి లేజరు వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

ఈ స్థితిలో ఆ కాగితమే మీ సాక్ష్యము. ఫిర్యాదు చేసి దాని సంఖ్యను తప్పక తీసికొనుడు. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారము మొదట సంస్థ ఫిర్యాదు కేంద్రము, అచ్చట న్యాయము దొరకనిచో ఆ సంస్థలోనే అప్పీలు అధికారి. బ్రాడ్‌బ్యాండు అని పిలుచుటకు కనీస వేగమును 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 512 కిలోబిట్ల నుండి రెండు మెగాబిట్లకు పెంచినది. కాని అది పేరు పెట్టుకొనుటకు కావలసిన కనిష్ఠము మాత్రమే. మీరు డబ్బు కట్టిన పథకములో వ్రాసిన వేగమునే మీరు అడుగవలెను.

మొదటి కొలత బాగుండి రెండవది పడిపోయినచో, ఆపరేటరు మాట నిజము. దోషము రౌటరులోనో, రెండు పెట్టెలను కలుపు తీగలోనో కలదు. ఇచ్చట అట్టపైనున్న 1200 గుట్టు తెలిసికొనవలెను. అది రెండు వైఫై మార్గముల గరిష్ఠ వేగములను, 300ను 867ను, కూడి గుండుగా వేసిన అంకె. అట్టి రౌటరులలో పెక్కింటికి నెట్టు లోనికి వచ్చు రంధ్రము 100 మెగాబిట్లదే. చిన్న మూతి గల కుండలో ఎంత పెద్ద గరిటె వేసినను లాభము లేదు. 200 లేదా 300 మెగాబిట్ల పథకము కట్టినవారికి కొలత సరిగా 94 వద్ద ఆగినచో కారణము ఇదియే యని అనుమానింపవచ్చును. తీగ వలనను ఇట్లే జరుగును. ల్యాన్ తీగలో ఎనిమిది సన్నని పోగులుండును; గిగాబిట్టుకు ఎనిమిదియు కావలెను, 100కు నాలుగు చాలును. ఒక్క పోగు తెగినను వేగము 100కు దిగును. కావున రౌటరును తప్పుపట్టుటకు ముందు తీగను మార్చి చూడుడు, ఖర్చు స్వల్పము. ల్యాప్‌టాప్ రంధ్రము కూడ 100దేయేమో చూచుకొనుడు.

తరువాత రౌటరు లోపలి అమరికలు. వేగమును పంచిపెట్టు క్యూఓఎస్, పిల్లల వాడకమును కనిపెట్టు సౌకర్యము మొదలగునవి ప్రతి పొట్లమును విప్పి చూచుటచే, చవక రౌటరు చిప్పు అలసిపోవును. వానిని ఆపి ఒకసారి కొలువుడు. తయారీదారు విడుదల చేసిన కొత్త సాఫ్ట్‌వేరును ఎక్కించుడు. కొన్ని పేజీలు తెరచుకొని, కొన్ని మధ్యలో నిలిచిపోవుచున్నచో ఎంటీయూ అను అంకెను చూడవలెను. పీపీపీఓఈ పద్ధతిలో అది 1492 ఉండవలెను.

ఆపరేటరు పెట్టె కూడ ఒక రౌటరే యను సంగతి పలువురు మరతురు. దాని వెనుక మీ రౌటరును తగిలించినచో, ఒకే ఇంటికి ఇద్దరు పెత్తందారులైనట్లు. చిరునామాలు రెండుమార్లు మారును. వీడియో కాల్సు, ఆటలు తడబడును. రెండు వైఫైలును ఒకే చానెలుపై అరచుకొనినచో వేగమును తగ్గును. మందులు రెండు. ఆపరేటరు పెట్టెను బ్రిడ్జి పద్ధతిలో పెట్టించి, పెత్తనమును మీ రౌటరుకు అప్పగించుట ఒకటి. అప్పుడు పీపీపీఓఈ పేరు, సంకేతపదము, వీల్యాన్ సంఖ్య అడిగి వ్రాసికొనవలెను. రౌటరు మ్యాక్ చిరునామాను వారి వద్ద నమోదు చేయించవలసి రావచ్చును. రెండవది సులభము: మీ రౌటరును యాక్సెస్ పాయింటు పద్ధతిలో పెట్టి, ఆపరేటరు పెట్టెలోని వైఫైని ఆపివేయుట.

మూడవ కొలత పడిపోయినచో దోషము వైఫైలో నున్నది. మధ్యతరంగ రేడియో అలలు వందల మీటర్ల పొడవుగలవి. వైఫై అలలు 2.4 గిగాహెర్ట్జ్‌పై పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌పై సుమారు ఆరు. 2.4 దూరము పోవును గాని వేగము తక్కువ; 5 వేగము గలది గాని గోడకు జంకును. దగ్గరనున్న ఫోనుకు 5 నే వాడుడు. 2.4పై పొరుగువారితో కలియబడకుండుటకు 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా నున్నదానిని ఎంచుకొనుడు. సంకేతపదపు పద్ధతిలో పాత టీకేఐపీ ఉన్నచో వేగము 54 మెగాబిట్లను దాటదు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 పెట్టుడు. సంకేతపదము వీధి అంతటికి తెలిసియున్నచో మార్చుడు.

నాలుగవది మాత్రమే పడిపోయినచో రౌటరు మంచిదే. దాని స్థానము మంచిది కాదు. ఇనుప బీరువా ప్రక్కన, టీవీ వెనుక, ఫ్రిజ్ పైన పెట్టిన రౌటరు నోరు మూసిన గాయకుని వంటిది. ఇంటి నడుమ, మనిషి ఎత్తున, తెరపిగా పెట్టుడు. అప్పటికిని వెనుక గదికి చాలనిచో ఒక ల్యాన్ తీగను అచ్చటికి లాగి, చివర మరియొక చిన్న పెట్టెను యాక్సెస్ పాయింటుగా తగిలించుట మేలు. తీగ లేని రిపీటరు సులభమే గాని, ఒకే మార్గముపై వినుచు చెప్పుచునుండునది వేగమును సగమునకు తెచ్చును.

సొంత రౌటరు వాడుకొను హక్కుకై ఇతర దేశములలో చట్టములే పుట్టినవి. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుండి వినియోగదారుడు తన కిష్టమైన పెట్టెను వాడుకొనవచ్చును. అమెరికాలో వినియోగదారుడు సొంత పెట్టె వాడుచుండగా సంస్థ తన పెట్టెకు అద్దె వసూలు చేయరాదను నియమము 2020 డిసెంబరులో అమలునకు వచ్చినది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారికి ఇది అక్కరకు వచ్చు నియమము. కాని హక్కుతోపాటు బాధ్యతయు సంక్రమించును. పెట్టె మనదైనప్పుడు దాని దోషమును వెదకుకొను పనియు మనదే.

మనము ఊహించిన ఇంటిలో కొలతలు ఇట్లుండవచ్చును: 96, 94, 11, 8. లైను మంచిది, రౌటరు మంచిది. రెండు వైఫైలు ఒకే చానెలుపై కొట్లాడుచున్నవి, ఫోను 2.4ను పట్టుకొని యున్నది. మరొక రౌటరు కొననక్కరలేదు. ఆపరేటరు మనిషిని మరల రప్పించి నొప్పింపనక్కరలేదు. అమరికలు మార్చిన పిమ్మట మరల కొలిచి, కొత్త అంకెలను తేదీతో వ్రాసి, ఆ కాగితమును రౌటరు ప్రక్కనే గోడకు అంటించుడు. వచ్చే వానకాలమున వేగము మరల తగ్గినప్పుడు, పోల్చి చూచుటకు అదియే పనికివచ్చును.