మీ కాంటాక్ట్ లిస్ట్ మీ ఒక్కరిదే కాదు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది ఒక చిన్న బటన్ గురించి. కొత్త యాప్ వేసుకుని ఓపెన్ చేయగానే చాలాసార్లు స్క్రీన్ మీదకి ఒక బాక్స్ వస్తుంది. మీ కాంటాక్ట్స్ చూడనివ్వాలా అని అడుగుతుంది. కింద అలౌ, డోంట్ అలౌ అని ఉంటాయి. మనలో చాలామంది అది చదవం కూడా. అడ్డంగా ఉంది, పోతే చాలు అని అలౌ కొట్టేస్తాం.

ఇప్పుడు ఇది ఊహించుకోండి. కాలేజీలో ఎవడో వచ్చి, "మామా, మీ క్లాస్ అమ్మాయి నంబర్ ఉందా, ఒకసారి పంపవా" అన్నాడు. ఏమంటాం? "ఆగరా, తనని అడిగి చెప్తా" అంటాం. మర్యాద తెలిసిన ఎవరైనా అదే అంటారు. ఒక్క నంబర్ ఇవ్వడానికి ఇంత ఆలోచించే మనం, ఎవరు తయారుచేశారో కూడా తెలియని యాప్‌కి ఐదారు వందల నంబర్లు ఒక్క టచ్‌తో ఇచ్చేస్తాం. వాళ్లలో ఒక్కరిని కూడా అడగం.

ప్రైవసీ గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక డైలాగ్ వినిపిస్తుంది. "నా దగ్గర దాచడానికి ఏముంది బ్రో?" అని. సరే, మీ దగ్గర ఏమీ లేదనే అనుకుందాం. కానీ కాంటాక్ట్ లిస్ట్‌లో ఉన్నది మీ సమాచారం కాదు కదా. మీ అమ్మది, మీ ఫ్రెండ్‌ది, మీ చెల్లెలి టీచర్‌ది. వాళ్ల తరఫున "దాచడానికి ఏమీ లేదు" అని చెప్పే హక్కు మీకు ఎవరిచ్చారు?

ఇంకో విషయం గమనించండి. ఆ లిస్ట్‌లో ఉన్నది నంబర్లు మాత్రమే కాదు, మనం పెట్టుకున్న పేర్లు కూడా. ఒకసారి మీ ఫోన్ తీసి చూడండి. "షుగర్ డాక్టర్", "లాయర్ విడాకుల కేసు", "ఓనర్ ఆంటీ", "చిట్టీల సుబ్బారావు". ఆ నాలుగు పేర్లు చూస్తే చాలు, ఇంట్లో ఎవరికో షుగర్ ఉందని, ఎవరిదో కేసు నడుస్తోందని, మీరు అద్దె ఇంట్లో ఉంటున్నారని, చిట్టీ కడుతున్నారని తెలిసిపోతుంది.

పైగా మన తెలుగులో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీష్‌లో అంకుల్ అని సేవ్ చేస్తే ఆయన ఎవరో ఎవరికీ అర్థం కాదు. ఎదురింటాయన కూడా అంకులే. మనం అలా పెట్టం. పెద్దనాన్న, మేనమామ, చిన్నత్త, తోడల్లుడు, వియ్యపురాలు అని పెడతాం. అంటే ఎవరు ఎవరికి ఏమవుతారో మొత్తం రాసి పెట్టినట్టే. మన కాంటాక్ట్ లిస్ట్ ఒక వంశవృక్షం.

దీనివల్ల నష్టం ఏంటి అంటారా? మనం కళ్లారా చూశాం. 2020 చివర్లో హైదరాబాద్‌లో, తెలంగాణ అంతటా ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల గొడవ గుర్తుందా? నాలుగైదు వేలు కావాలంటే నిమిషాల్లో అప్పు, కాగితాలు లేవు, సంతకం లేదు. కానీ యాప్ వేసుకోగానే కాంటాక్ట్స్ మొత్తం లాగేసుకునేవాళ్లు. కట్టడం ఆలస్యమైతే లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఫోన్లు మొదలు. మామగారు అని ఉన్న నంబర్‌కి చేసి, మీ అల్లుడు దొంగ అని చెప్పడం. ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకి పంపడం. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ డిసెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంక్ జనాన్ని హెచ్చరించింది. తర్వాత ఆర్‌బీఐ వేసిన వర్కింగ్ గ్రూప్ లెక్కపెడితే, 2021 మొదటి 2 నెలల్లో మన దేశంలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే లోన్ యాప్‌లు సుమారు 1100 ఉన్నాయి. వాటిలో 600 దాకా అక్రమమైనవే.

ఇక్కడ అసలు పాయింట్ చూడండి. పాత రోజుల్లో ఎవరైనా అప్పు తీసుకుంటే షూరిటీ ఎవరని అడిగేవాళ్లు. షూరిటీ సంతకం పెట్టే మనిషి పదిసార్లు ఆలోచించి, ఇంట్లో అడిగి పెట్టేవాడు. ఈ యాప్‌లకి షూరిటీ మీ కాంటాక్ట్ లిస్టే. అందులో ఉన్న ప్రతి మనిషినీ సంతకం లేకుండా, చెప్పకుండా జామీను పెట్టేసినట్టు. ఆ యాప్ పేరు కూడా వినని మనిషికి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది.

లోన్ యాప్‌లు కాబట్టి ఇలా జరిగింది, మిగతావి మంచివే అనుకోకండి. కేంబ్రిడ్జ్ అనలిటికా పేరు వినే ఉంటారు. ఫేస్‌బుక్‌లో ఒక పర్సనాలిటీ క్విజ్ యాప్ వచ్చింది. దాన్ని వేసుకున్నది ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది. కానీ అప్పటి రూల్స్ ప్రకారం ఆ యాప్ వాళ్ల ఫ్రెండ్స్ సమాచారం కూడా తీసుకోగలిగింది. 2018లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం 8.7 కోట్ల మంది దాకా సమాచారం బయటికి పోయి ఉండొచ్చు. మన దేశంలో ఆ యాప్ వేసుకున్నది 335 మందే. ఫ్రెండ్స్ ద్వారా చిక్కుకుని ఉండొచ్చన్నది 5.62 లక్షల మంది. క్విజ్ ఆడింది ఒకరు, లెక్కలోకి వెళ్లింది ఇంకొకరు.

మరి తప్పంతా అలౌ కొట్టినవాళ్లదేనా? కాదండీ. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌కి ఒక్క నంబర్ కావాలంటే, ఆ ఒక్కదాన్నే మనతో ఎంచుకోమనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రీఛార్జ్ చేయాలా? అమ్మ నంబర్ ఒక్కటి తీసుకో, మిగతాది నీకెందుకు? అయినా లిస్ట్ మొత్తం అడుగుతున్నారంటే అది టెక్నాలజీలో లోపం కాదు, వాళ్ల ఇష్టం. అందుకే రూల్స్ కూడా కావాలి. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్ట్, కాల్ లాగ్స్, ఫైల్స్ ముట్టుకోకూడదని చెప్పింది. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫొటోలు బంద్ అంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి కొన్ని కాంటాక్ట్స్ మాత్రమే ఇచ్చే వీలు వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ లింక్ పంపి ఏపీకే ఫైల్ వేసుకోమనేవాడికి ప్లే స్టోర్ రూల్ వర్తించదు కదా.

కాబట్టి మన వైపు నుంచి ఒక పని. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ అని వెతకండి, అందులో కాంటాక్ట్స్ నొక్కండి. ఏయే యాప్‌కి ఇచ్చారో మొత్తం కనిపిస్తుంది. ఒక్కో యాప్ చూసి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది నా తరఫున ఎవరికైనా ఫోన్ చేయాలా, మెసేజ్ పంపాలా? వాట్సాప్ అంటే సరే, ఇవ్వకపోతే పేర్లు కనిపించవు, ఇబ్బందే. నేనూ ఇచ్చాను. కానీ టార్చ్‌లైట్‌కి ఎందుకు? ఫొటో ఎడిటర్‌కి ఎందుకు? లూడో గేమ్‌కి మీ పిన్నితో ఏం పని? తీసేయండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పర్మిషన్ తీసేస్తే ఇకముందు చూడలేరు, అంతే. ఇప్పటికే వాళ్ల సర్వర్‌కి కాపీ అయిపోయింది వెనక్కి రాదు. అందుకే ఇచ్చేముందు ఆగడమే ముఖ్యం.

ఇలాంటి కాల్స్ మీకు వస్తుంటే భయపడి డబ్బు కట్టకండి. మీరు సంతకం పెట్టని అప్పుకి మీరు బాధ్యులు కాదు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1930కి ఫోన్ చేయండి. మీ ఫ్రెండ్ ఎవరైనా ఇందులో చిక్కుకుంటే, "ఎందుకు తీసుకున్నావురా" అని తర్వాత తిట్టండి. ముందు పక్కన కూర్చోండి. వాళ్ల ఆయుధమే సిగ్గు. "వాడి సంగతి మాకు తెలుసు, నువ్వు ఫోన్ పెట్టెయ్" అని చుట్టూ ఉన్నవాళ్లు అనగలిగితే ఆ ఆయుధం పనిచేయదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జిలతో ప్రైవసీ మన ప్రాథమిక హక్కని తీర్పు ఇచ్చింది. ఆ హక్కు మనకి ఎంత ఉందో, మన లిస్ట్‌లో ఉన్న ఒక్కొక్కరికీ అంతే ఉంది. వాళ్లు మనల్ని నమ్మి నంబర్ ఇచ్చారు, మన ఫోన్‌లో ఉన్న యాప్‌ని నమ్మి కాదు.

ఈ రాత్రి పడుకునేముందు ఒక ఐదు నిమిషాలు ఆ సెట్టింగ్ చూడండి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా మీరే చూసి పెట్టండి, ఆ మెనూలు వాళ్లకి తెలియవు.