పసుపు మాత్ర - పేగు బుడిపె
వంశంలో వచ్చే పాలిప్‌ల జబ్బుకు సహజ మందులు ఎంతవరకు?



టాటానగర్‌లోని కదమాలో ఒకసారి హైస్కూలు పిల్లలకు వంశపారంపర్యం గురించి పాఠం చెప్పాను. పాఠం అయ్యాక పిల్లలు వెళ్లిపోయారు. వెనక బెంచీలో కూర్చున్న ఒక తల్లి మాత్రం ఆగి, నెమ్మదిగా ఇలా అడిగారు.

"మాస్టారూ, మావారికి పెద్దపేగు తీసేశారు. ఇప్పుడు మా అబ్బాయికి పదిహేడో ఏడు. వాడి పేగులోనూ బుడిపెలు వందల్లో ఉన్నాయన్నారు. ఇంటర్ పరీక్షలు కాగానే ఆపరేషన్ చేయించమంటున్నారు. మా మరిది పసుపు మాత్రలు, చేపనూనె మాత్రలు తెచ్చిచ్చాడు. ఏడాది వాడితే బుడిపెలు కరిగిపోతాయట. ఆపరేషన్ వాయిదా వేసి ఇవి వాడి చూడవచ్చా?"

నేను డాక్టర్ని కాను, సైన్సు చెప్పేవాణ్ణి. కానీ ఆమె అడిగినదానిలో సైన్సు ప్రశ్న ఒకటి ఉంది. ఒక మందు పనిచేస్తుందని మనకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఆమెకు కొంతే చెప్పగలిగాను. ఈ రోజు మీకు వివరంగా చెబుతాను.

ఈ జబ్బు ఏమిటి?

మన పెద్దపేగు లోపలి పొరలో అప్పుడప్పుడు చిన్న బుడిపెలు పుడుతుంటాయి. వీటినే పాలిప్‌లు అంటారు. నడివయసు దాటినవారిలో ఒకటో రెండో కనిపించడం అరుదేమీ కాదు. కానీ కొన్ని కుటుంబాల్లో పది, పదిహేనేళ్ల వయసులోనే ఇవి మొదలై, వందలు, వేలు అవుతాయి. దీని పేరు ఫెమీలియల్ అడినోమేటస్ పాలిపోసిస్. పొడి అక్షరాల్లో ఎఫ్.ఎ.పి. సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది.

ఒక్కొక్క బుడిపె క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువే. కానీ వెయ్యి బుడిపెలు ఉన్నచోట ఏదో ఒకటి ఆ దారి పట్టకుండా ఉండదు. చికిత్స చేయించకపోతే దాదాపు అందరికీ పెద్దపేగు క్యాన్సర్ వస్తుంది. అది వచ్చే సగటు వయసు నలభై లోపే. అంటే ఉద్యోగం స్థిరపడి, పిల్లలు బడికి వెళ్లే వయసు.

మొదట్లో నొప్పి ఉండదు. విరేచనంలో రక్తం కనిపిస్తే మొలలనుకుని మనవాళ్లు ఊరుకుంటారు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది.

రెండు బ్రేకుల క్రేను

ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి నేను చెప్పబోయేది తేలికగా అర్థమవుతుంది. కరిగిన ఉక్కు మోసే క్రేనుకు ఒక్క బ్రేకు సరిపోదు. ఒకటి పోయినా రెండోది ఆపాలి. మన కణాల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పేగు లోపలి పొరలోని కణాలు నాలుగైదు రోజులకొకసారి కొత్తవి వస్తుంటాయి. ఇంత వేగంగా పెరిగే కణాలను అదుపులో పెట్టే జన్యువుల్లో ముఖ్యమైనది ఎ.పి.సి. ఇది అయిదో క్రోమోజోము మీద ఉంది. 1991లో అమెరికా, జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని గుర్తించారు. "పెరుగు" అని కణానికి చెప్పే బీటా కెటెనిన్ అనే ప్రొటీను పేరుకుపోకుండా, దాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేయించడం ఈ జన్యువు పని.

ప్రతి కణంలో ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఎఫ్.ఎ.పి. ఉన్న బిడ్డ పుట్టుకతోనే ఒక బ్రేకు చెడిపోయి వస్తాడు. జీవితంలో ఎప్పుడో ఒక కణంలో రెండో బ్రేకు కూడా చెడుతుంది. అక్కడ బుడిపె లేస్తుంది. కోట్ల కణాలున్న పేగులో ఇది ఒక్కచోట జరిగి ఆగదు. ఇలా రెండు దెబ్బలు పడాలన్న సిద్ధాంతాన్ని ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో కంటి క్యాన్సర్ విషయంలో ప్రతిపాదించారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి. మాత్ర ఏదైనా సరే, పసుపుదైనా, కంపెనీదైనా, పుట్టుకతో చెడిన ఆ మొదటి బ్రేకును బాగుచేయలేదు. మహా అయితే బుడిపెలు పెరిగే వేగాన్ని కొంత తగ్గించగలదేమో. పరిశోధనలన్నీ ఆ "ఏమో" చుట్టూనే జరిగాయి.

పసుపు కథ

పసుపులో రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద ఇది మంచి ఫలితాలే చూపింది. 2006లో అమెరికాలో అయిదుగురు ఎఫ్.ఎ.పి. రోగులకు కర్క్యుమిన్‌తోపాటు, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ కూడా కలిపి ఆరు నెలలు ఇచ్చారు. సగటున బుడిపెల సంఖ్య 60 శాతం, పరిమాణం 50 శాతం తగ్గాయి. ఈ వార్త ప్రపంచమంతా పాకింది. ఆ మరిది చేతికి అందింది ఈ వార్తే అయి ఉంటుంది.

ఇప్పుడు మనం కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఎంతమంది? అయిదుగురు. మందు లేని మాత్ర వేసుకున్న మరో జట్టు ఉందా? లేదు. ఇది ముఖ్యమైన లోపం. ఎందుకంటే పెద్దపేగు తీసి చిన్నపేగును పురీషనాళానికి కలిపిన తరువాత, అక్కడ మిగిలిన బుడిపెలు కొందరిలో ఏ మందూ లేకుండానే తగ్గడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పోల్చడానికి రెండో జట్టు లేకపోతే తగ్గించింది మందో, ప్రకృతో చెప్పలేం.

మరో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఆ అయిదుగురూ ఎలాంటివారు? అందరూ అప్పటికే పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్నవారు. ఆపరేషన్‌కు బదులుగా మాత్ర వేసుకున్నవారు కారు. ఈ మాట వార్తతో పాటు ప్రయాణించలేదు.

అదే పరిశోధకులు ఆగిపోలేదు. ఈసారి 44 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 3,000 మిల్లీగ్రాముల కర్క్యుమిన్, రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరు ఏది వేసుకుంటున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఏడాది గడిచాక చూస్తే బుడిపెల సంఖ్యలోగానీ, పరిమాణంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఫలితం 2018లో వెలువడింది. తాము ముందు చెప్పినదాన్ని తామే పరీక్షించి, నిలబడలేదని ప్రకటించారు. సైన్సు పద్ధతి అంటే ఇదే. ఇది మాత్రం మొదటి వార్తంత దూరం పాకలేదు.

ఒక చిన్న లెక్క కూడా చేద్దాం. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 3,000 మిల్లీగ్రాములంటే 3 గ్రాములు. అంత కర్క్యుమిన్ రావాలంటే రోజుకు దాదాపు 100 గ్రాముల పసుపు తినాలి. పప్పులో మనం వేసేది చిటికెడు. కాబట్టి "మన తాతలు పసుపు తిన్నారు కదా" అన్న వాదన మాత్రలకు వర్తించదు. వంటలో పసుపు వేరు, సీసాలో సారం వేరు.

చేపనూనె, విటమిన్లు, పీచు

చేపనూనెలో ఇ.పి.ఎ. అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. దీన్ని ప్రత్యేకంగా తయారుచేసి రోజుకు 2 గ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చి చేసిన పరిశోధన 2010లో వచ్చింది. 55 మంది, రెండు జట్లు. ఉత్త మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే బుడిపెల సంఖ్య సుమారు 22 శాతం తక్కువ. ఇది పసుపు ఫలితం కన్నా గట్టిది. అయినా వీరు కూడా పెద్దపేగు తీయించుకుని, మిగిలిన పురీషనాళాన్ని కాపాడుకుంటున్నవారే. వెయ్యి బుడిపెలున్న పేగులో 22 శాతం తగ్గితే 780 మిగులుతాయి. క్యాన్సర్‌కు వాటిలో ఒక్కటి చాలు.

విటమిన్ల సంగతి ఇంకా పాతది. 1989లో ప్రచురించిన ఒక పరిశోధనలో 58 మందిని నాలుగేళ్లు గమనించారు. విటమిన్ సి, ఇ ల వల్ల స్పష్టమైన లాభం కనిపించలేదు. గోధుమ పొట్టు పీచు బాగా తిన్నవారిలో కొద్దిపాటి మేలు కనిపించింది. అంతే.

కంపెనీ మందులకూ ఇదే కొలబద్ద పెట్టాలి. సులిండాక్ అనే నొప్పిమాత్ర బుడిపెలను తగ్గిస్తుందని 1993లో తేలింది. మాత్ర ఆపగానే అవి మళ్లీ పెరిగాయి. బుడిపెలు తగ్గినట్టు కనిపించిన కొందరికి ఆ మాత్ర వాడుతుండగానే పురీషనాళ క్యాన్సర్ వచ్చిన సందర్భాలూ వైద్య పత్రికలకెక్కాయి. జబ్బు జన్యువు ఉండి ఇంకా బుడిపెలు రాని చిన్నవారికి ముందుగానే ఇస్తే, వాటిని రాకుండా ఆపలేకపోయిందని 2002లో తేలింది. సెలికాక్సిబ్ సంఖ్యను 28 శాతం తగ్గించింది. తరువాత ఆ మందు వల్ల గుండెకు ముప్పు ఉందని బయటపడింది. ఈ జబ్బుకు దానికి అమెరికాలో ఇచ్చిన అనుమతిని 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అంటే ఇది "ఇంగ్లీషు మందు - దేశీ మందు" తగాదా కాదు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచాలి.

సహజమైతే హాని లేదా?

ఉంది. మామూలుగా కర్క్యుమిన్ మన రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. దానికి మిరియాల సారం కలిపితే ఇరవై రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో చూపారు. అందుకే చాలా మాత్రల్లో ఇప్పుడు మిరియాల సారం కలుపుతున్నారు. శరీరం లోపలికి రానివ్వనిదాన్ని మనం బలవంతంగా పంపిస్తున్నామన్నమాట. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న పది కేసులను అమెరికా వైద్యులు 2022లో నమోదు చేశారు. వారిలో ఒకరు మరణించారు. ఇది అరుదే. కానీ కామెర్లు కనిపించినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగేవారి మీద చేసి, 1994లో ప్రచురించిన పరిశోధన మరో హెచ్చరిక. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. క్యారెట్ మంచిదే, మాత్ర మంచిది కాలేదు.

వీటన్నిటికన్నా పెద్ద హాని కాలం. మాత్ర ప్రయత్నించి చూద్దామని గడిపిన ఏడాది, రెండేళ్లు తిరిగి రావు.

మరి ఏం చేయాలి?

1924లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి ఇలాంటి కుటుంబాల జాబితా రాయడం మొదలుపెట్టింది. ఒకరికి జబ్బు తేలితే బంధువులందరినీ పిలిచి చూసేవారు. బాధతో తమంతట తాము వచ్చినవారిలో చాలామందికి అప్పటికే క్యాన్సర్ ఉండేది. పిలిపించి పరీక్షించిన బంధువుల్లో అది చాలా తక్కువ. ఈ జబ్బులో అన్ని మందులకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది ఆ జాబితాయే.

మనం చేయవలసింది కూడా అదే. మొదట జబ్బు ఉన్న వ్యక్తికి జన్యు పరీక్ష చేయించాలి. మార్పు ఎక్కడుందో తెలిస్తే, అదే మార్పు కోసం పిల్లలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చూడవచ్చు. ప్రతి బిడ్డకూ అవకాశం సగానికి సగం. పెద్దవాడికి వచ్చింది కాబట్టి రెండోవారికి రాదనుకోవడం తప్పు. ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ అవకాశం సమానమే. మార్పు లేదని తేలినవారికి ఏటా పరీక్షల బాధ ఉండదు. ఉన్నవారికి పది, పన్నెండేళ్ల నుంచే ఏటా లేదా డాక్టరు చెప్పిన వ్యవధిలో గొట్టంతో పేగు పరీక్ష చేస్తారు. ఆపరేషన్ ఎప్పుడన్నది బుడిపెల సంఖ్య, పరిమాణం చూసి నిర్ణయిస్తారు. ఎక్కువమందికి అది యుక్తవయసు చివరిలోనో, ఇరవైల్లోనో వస్తుంది. ఆపరేషన్ తరువాత కూడా మిగిలిన భాగానికి, చిన్నపేగు మొదటి భాగానికి పరీక్షలు జీవితాంతం ఉంటాయి. విరేచనాలు రోజుకు ఎక్కువసార్లు అవుతాయి. అయినా చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ సాధ్యమే.

మన తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఒకటుంది. 2002లో గుర్తించిన మరో రకం పాలిపోసిస్‌లో తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరి దగ్గరా ఎం.యు.టి.వై.హెచ్. అనే జన్యువులో ఒక్కొక్క చెడిన ప్రతి ఉంటే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఇలా ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్న మాటతో పరీక్ష మానకూడదు.

టాటానగర్‌లో బిష్టుపూర్ టాటా మెయిన్ హాస్పిటల్, మెహర్‌బాయి టాటా పేరిట ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నాయి. సొంత ఊరివైపు వెళ్లేవారికి విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో జన్యువ్యాధుల నిర్ధారణ విభాగం ఉంది. మాత్రలు వాడుతుంటే ఆ సీసా డాక్టరుకు చూపించండి. దాచవద్దు. ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు తప్పకుండా చెప్పాలి.

చివరి మాట

ఆ తల్లి అడిగిన రెండో ప్రశ్న ఇంకా కష్టమైంది. "మా అమ్మాయికి కూడా చూపిస్తే నలుగురికీ తెలిసిపోతుంది. రేపు సంబంధాలు రావద్దా?" ఈ భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ జన్యు పరీక్ష ఫలితం మీ చేతిలో ఉండే కాగితం. దాన్ని ఎవరికి చెప్పాలో మీరు నిర్ణయించుకోవచ్చు. పేగులో పెరిగే బుడిపెకు మీ నిర్ణయంతో పనిలేదు.

ఉక్కు పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్లు ఈ ఊరు వచ్చి నూరేళ్లు దాటింది. ఒక కొమ్మ ఇక్కడ, ఒక కొమ్మ ఖరగ్‌పూర్‌లో, మరొకటి సొంత ఊళ్లో. వంశవృక్షం మూడు రాష్ట్రాల్లో పరుచుకుంది. ఒకచోట తెలిసిన జబ్బు మరోచోటికి చేరాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి.

ఆ అబ్బాయికి పరీక్షలయ్యాక ఆపరేషన్ జరిగింది. అమ్మాయికి కూడా తండ్రి జన్యువే వచ్చిందని తేలింది. ఆమె పేగులో బుడిపెలు ఇంకా తక్కువే. ఏటా వేసవి సెలవుల్లో పరీక్షకు వెళుతోంది. తండ్రి ఒక ఆదివారం విజయనగరంలోని అన్నగారికి ఫోన్ చేసి, ఇన్నాళ్లూ చెప్పని జబ్బు పేరు చెప్పారట. ఆ అన్నగారికి ముగ్గురు పిల్లలు.

మీ ఇంట్లో కూడా చేయవలసిన ఫోన్ ఏదైనా ఉంటే, ఈ పాఠం ముగిశాక చేయండి. సెలవు.