నీటిలోని చిత్రము – ఇంటిలోని కూర్పు



నేటి ప్రసంగవిషయము వినినంతనే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. నీటి అడుగున తీసిన వీడియోను ఇంటియొద్దనే కూర్చుకొనుటకు ఎట్టి యంత్రము కొనవలయును, ఎట్టి సాఫ్ట్‌వేరు ఎన్నుకొనవలయును అనునది విషయము. అమరకోశము వల్లించి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పిన వృద్ధునకు ఈ గొడవ యేల యని మీ రడుగవచ్చును. ఒక దిగుడుబావి నాకీ విద్య నేర్పినది. ఆ కథ చెప్పి, దానినుండి తేలిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమున నీటిలోనికి చూచుట క్రొత్త యలవాటు కాదు. మహానంది కోనేటి మెట్లపై నిలిచి, అడుగున పడిన నాణెమును పైనుండియే చూపి మురిసిపోవని బాలుడు మా వైపున లేడు. నల్లమల యడుగున ఊరు ఆ ఊటనీరు అంత తేట. ఇదే నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరాలయము శ్రీశైల జలాశయము నిండినపుడు మునిగిపోయి, వేసవిలో నీరు తగ్గినపుడు మరల బయటపడును. నీరు కప్పిన దానిని చూడవలయునను కోరిక అందఱకును గలదు. ఫ్రాన్సు దేశమున లూయీ బూతాన్ అను శాస్త్రజ్ఞుడు 1893 లోనే సముద్రజలములలో ఛాయాచిత్రములు తీసెను. నేడు అరచేత నిమిడెడి కెమేరాలలో కొన్ని పైతొడుగు లేకయే 10 మీటర్ల లోతువఱకు నీటి కోర్చుకొనుచున్నవి.

మా యూరు ఈ రెండు పట్టణముల నడుమ నున్నది. ఊరిచివర రాతికట్టడపు దిగుడుబావి యొకటి కలదు. గత వేసవిలో దానినిగూర్చి ఊరిలో రెండు పక్షము లేర్పడినవి. పూడిక తీయించి నీరు వాడుకొందమని ఒక పక్షము; పిల్లలు పడిపోవుదురు, పూడ్చివేయుదమని వేఱొక పక్షము. లోపలి గోడ యెట్లున్నదో తెలియక చందా వేయుట కెవ్వరును ముందుకు రాలేదు. అపుడు నా మేనల్లుడు, “మామా, కెమేరాను వెదురుగడకు గట్టి దించుదము. ఎవ్వరును దిగనక్కఱ లేదు” అనెను. మంచిమాట యని నేను నా పింఛనులోనుండి కొంత సొమ్మిచ్చితిని. అతడు పట్టణమున కేగి, అంగడివాడు మెచ్చిన కంప్యూటరు కొనితెచ్చెను. దాని పెట్టెలో రంగురంగుల దీపములు వెలుగుచుండెను. ఆ దీపములకే సగము సొమ్ము పోయినదని తరువాత తెలిసినది.

చిత్రము తీసి, కూర్చి, రామాలయపు అరుగుపై తెఱ గట్టి పెద్దలకు చూపితిమి. నీరు మహానంది కోనేటివలె నీలముగా నుండెను. రాళ్లు కడిగినట్లుండెను. అందఱును సంతసించిరి. చందాల పట్టీ వ్రాయుటకు కాగితము కూడ తెచ్చిరి. అంతలో, పూర్వము ఆ బావిలో అనేకసారులు పూడిక తీసిన ముసలివా డొకడు లేచి, “అయ్యవారూ, ఉత్తరపు గోడలో నా కాలు దూరిన సందు మీ బొమ్మలో ఏదీ?” అని యడిగెను.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రియే మేనల్లునితో కూర్చుండి మూలచిత్రమును మొదటినుండి చూచితిని. నీరు పాచిపట్టి పచ్చగా నున్నది. ఉత్తరపు గోడపై నల్లని చాఱ యొకటి, దానినుండి సన్నగా మన్ను రాలుచుండుటయు కనబడినవి. అతడు చూపు కింపుగా నుండుటకై ఒక మీట నొక్కి పచ్చదనమును తీసివేసెను. ఇంకొక మీట నొక్కి తేలియాడు నలుసులను మాపెను. నలుసులతోపాటు రాలు మన్నును మాసినది. సందు నీడవలె కలిసిపోయినది. ఆ చిత్రమును నమ్మి పూడిక తీయుటకు మనుష్యులను దింపియున్నచో ఏమగునో తలచుకొన్న నాకు నిదుర పట్టలేదు.

ఇందు బాలుని దురాశయ మేమియు లేదు. నీటి స్వభావము మా కిద్దఱకును తెలియకపోవుటయే దోషము. సూర్యకాంతి నీటిలో దిగుచుండగా మొదట హరించునది ఎఱుపు. తేటనీటిలో సైతము 15, 20 అడుగులు పోవునప్పటికి ఎఱుపు చాలవఱకు క్షీణించును; పిదప నారింజ, ఆపై పసుపు. కాంతి పైనుండి వస్తువుకడకును, వస్తువునుండి కెమేరాకడకును నడచిన దూరమంతయు లెక్కకు వచ్చును. పాచినీరైనచో నీలమును కూడ త్రాగివేసి పచ్చనే మిగుల్చును. కావున నీటిచిత్రమునకు రంగు దిద్దుట తప్పు కాదు, అవసరమే. ఎంత దిద్దవలయునో తెలియుటకు ఆధారము కావలయును. మేము రెండవమాఱు కెమేరా యెదుట రెండడుగుల దూరమున తెల్లని పింగాణి పళ్లెము నొకదానిని కట్టి దించితిమి. తెఱమీద ఆ పళ్లెము తెల్లగా కనబడువఱకు దిద్ది, అంతటితో ఆగవలయును. పాచి అపుడును పచ్చగానే యుండును. ఏలయన అది నిజముగా పచ్చనిది. మూలములో పొత్తిగా లేని ఎఱుపును ఏ యంత్రమును తేజాలదు. చీకటినీటిలో కెమేరాతోపాటు దీపమును దించుటయే దానికి మందు.

ఇక కొనుగోలు సంగతి. సొమ్ము పెట్టవలసిన వరుస యిది. మొదట కెమేరా. ఒక్కొక్క రంగునకు 8 బిట్లు వ్రాయు కెమేరా 256 ఛాయలను, 10 బిట్లు వ్రాయునది 1024 ఛాయలను నిలుపును. క్షీణించిన రంగును పైకి లాగునపుడు ఛాయలు తక్కువైనచో చిత్రము చాఱలు చాఱలుగా విఱుగును. కావున 10 బిట్లది దొరకినచో అదియే మేలు. రెండవది తెఱ. ప్రక్కనుండి చూచినను రంగు మాఱని ఐ.పి.ఎస్. మానిటరు వలయును. తెఱయే అబద్ధమాడినచో దిద్దినదంతయు వ్యర్థము.

మూడవది కంప్యూటరు. లోపలి జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 16 గిగాబైట్లకు తగ్గరాదు. 32 ఉన్నచో పని సుఖముగా సాగును. గ్రాఫిక్స్ కార్డు వేఱుగా నుండుట మంచిది. పని జరుగునపుడు దృశ్యము లుండుటకు ఎస్.ఎస్.డి. డిస్కు వలయును. నాల్గవది నిలువచేయు డిస్కులు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున వ్రాయు కెమేరా గంటకు 45 గిగాబైట్ల స్థలమును ఆక్రమించును. ఈ లెక్కను బడిపిల్లలును కట్టగలరు: 100 ని 8 చే భాగించి 3600 చే గుణింపుడు. రెండు డిస్కులలో రెండు ప్రతులుంచి, మూడవప్రతిని వేఱొక యింటిలో నుంచవలయును. కరెంటు పోవు పల్లెలలో యు.పి.ఎస్. లేక ఈ పనికి పూనుకొనరాదు.

సాఫ్ట్‌వేరునకు తొలుతనే సొమ్ము వెచ్చింప నక్కఱలేదు. రంగు దిద్దుటలో పేరొందిన డావిన్చీ రిజాల్వ్ అనుదానికి ఉచితరూపము కలదు. అయితే దానికి బలమైన కంప్యూటరు వలయును. యంత్రము బలహీనమైనచో కేడెన్‌లైవ్, షాట్‌కట్ అను ఉచితసాధనములు చాలును. అడోబీ ప్రీమియర్ ప్రో చందా కట్టి వాడుకొనునది. ఏది యెన్నుకొన్నను మూడు గుణములు చూడుడు. ఎఱుపు, పచ్చ, నీలములు ఎంతెంత యున్నవో గీతలలో చూపు స్కోపులు ఉండవలయును. కన్ను అలసినను ఆ గీతలు అలయవు. పెద్ద దృశ్యములకు ప్రాక్సీలను చిన్నప్రతులను చేసి నడపు వీలుండవలయును. చేసిన మార్పు నెప్పుడైనను తొలగించి మూలమును చూడగలిగి యుండవలయును.

కొనుటకు ముందు మీ నీటిని మీరే కొలువుడు. ఊరిలోని కెమేరా నొకదానిని ఎరువు తెచ్చి, రెండు నిమిషముల చిత్రము తీసి, ఆ తునకను అంగడికి కొనిపోయి, అమ్మువాని కంప్యూటరుమీదనే నడపి చూడుడు. తడబడక నడచినచో బేర మాడుడు. దీపముల వన్నె చూచి మోసపోకుడు.

మఱి మా బావి యేమైనదని మీ రడుగవచ్చును. ఆ మఱునాడే పెద్దలను మరల పిలిచి, తప్పు చెప్పుకొని, మూలచిత్రమును, దిద్దినదానిని ప్రక్కప్రక్కన చూపితిమి. మొదట ఆ ముసలివానిని ముందు వరుసలో కూర్చుండబెట్టితిమి. అతడు తెఱయొద్దకు వచ్చి సందుపై వ్రేలు పెట్టి, “ఇదే” అనెను. ఉత్తరపు గోడకు ఆధారము కట్టక యెవ్వరిని దింపరాదని అందఱును ఒప్పుకొనిరి. దానితో వ్యయము పెరిగినది. కొందఱు చందా వెనుకకు తీసికొనిరి. బావిని పూడ్చలేదు, బాగును చేయలేదు. ప్రస్తుతము చుట్టును కంచె వేసి యుంచితిమి. సొమ్ము కొఱకు ఇంకను ఇల్లిల్లు తిరుగుచునే యున్నాము.

నా మేనల్లుడు ఆ మూలచిత్రముగల డిస్కుపై తేదీ వ్రాసి నా పుస్తకముల బీరువాలో నుంచినాడు. ఈ వేసవిలో నీరు తగ్గగానే అదే పళ్లెమును గట్టి, అదే గోడను మరల తీసి, సందు పెరిగినదో లేదో పోల్చి చూడవలయును. మీ యూరనట్టి బావి యున్నచో మీరును అట్లే చేయుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.